మడత కింద మనిషి

కుప్పంలో తోడికోడలు హేమలత ఇంటికి పోయినప్పుడల్లా మునీశ్వరికి కడుపు మండేది. హాల్లో అడుగు పెట్టగానే ఎదురుగా ఆ పాత ఫోటో. కుర్చీలో కాలు మీద కాలేసుకున్న తెల్లదొర, వెనక తుపాకీ పట్టుకుని హేమలత ముత్తాత పాపయ్య. చూసినవాళ్లంతా మిలిటరీ వంశం అని మురిసిపోయేవాళ్లు. మా తాత కూడా పటాలంలోనే ఉన్నాడని మునీశ్వరి నాన్న చచ్చేదాకా చెప్పాడు. ఫోటో చూపించమని అందరూ నవ్వారు.

పుంగనూరులో మునీశ్వరిది ఫోటో స్టూడియో. పోయిన రైతులకు కంప్యూటర్లో కోటూ టై తొడిగి పటం కట్టివ్వడంలో అందెవేసిన చెయ్యి. మదనపల్లెలో పాత ఫోటోల ప్రదర్శన ఉందని హేమలత ఆ పటాన్నే తెచ్చి ఆమె బల్ల మీద పెట్టింది.

"మా ముత్తాత బాగా కనిపించేట్టు చెయ్యి మునీశ్వరీ. మీ పుట్టింట్లో ఇట్టాంటివి ఉండవు గదా, జాగ్రత్త" అంది.

ఎంత మాట! ఆమె అటు పోగానే మునీశ్వరి పళ్లు నూరుతూ అద్దం తీసింది. ఫోటో అడుగుభాగం వెనక్కి మడిచి ఉంది. విప్పితే, దొర కాళ్ల దగ్గర ఒకడు గొంతుక్కూర్చుని బూట్లు తుడుస్తున్నాడు. అబ్బ, ఎంత సంబరమో! పాపయ్య తమ్ముడో బావమరిదో అయ్యుంటాడు, లేకపోతే దాచడమెందుకు? ఉండు హేమలతక్కా, నీ మిలిటరీ వంశాన్ని మదనపల్లెంతా చూస్తుంది!

స్కాన్ చేసి పెద్దది చేసింది. ముఖం వంచుకున్నాడు, కనబడలేదు. బూటు పట్టుకున్న ఎడమచెయ్యి మాత్రం స్పష్టంగా ఉంది. దానికి ఆరువేళ్లు. నాన్న ఎడమచేతికి ఉన్నట్టే. తన ఎడమచేతికి ఉన్నట్టే.

నాన్న అబద్ధం చెప్పలేదు. ఇన్నేళ్లు కోరుకున్న రుజువు దొరికింది. దొరక్కపోయినా బాగుండేదని ఏడుపొచ్చింది.

కంప్యూటర్లో ఆయనకు కోటు తొడిగి చూసింది. వంగిన వీపు మీద కోటు కుదరలేదు. నిటారుగా నిలబడ్డ పాపయ్యను చూస్తే కడుపుమంట ఇంకా ఎక్కువైంది. ఫోటోను పాత మడత మీదే మళ్లీ మడిచి అద్దం బిగించింది.

సాయంత్రం హేమలత వచ్చింది.

"అడుగున ఎవడో అడ్డంగా ఉండాడని మా పెద్దోళ్లు మడిసేసినారంట. సూసినావా, ఎవురు వాడు?"

మునీశ్వరి ఎడమచెయ్యి కొంగులో దాచుకుంది.

"ఎవడో పనోడు లేక్కా. మనోళ్లు కాదు."