బిగుతైన టోపీ

1944లో నన్ను వరంగల్ సర్కారు దవాఖానాకు అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. హోదాలో పెద్ద డాక్టరు తర్వాత నేనే. అంటే, ముసలివాళ్ల కాళ్ల నొప్పులన్నీ నా బల్ల దగ్గరికే వచ్చేవి.

కొత్తవాడ రాజలింగం అలాగే వచ్చాడు. అరవై దాటిన జంపఖానాల నేతగాడు. కుడి మోకాలి కింద ఎముక వంగిపోయింది, చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. నేను కాలు చూస్తుంటే ఆయన టోపీ గురించి మాట్లాడుతున్నాడు. చెవుడు ఉండడంతో వరండా అంతా అదిరేలా అరుస్తున్నాడు.

"నా బామ్మర్ది నా టోపీ మార్చిండు, డాక్టర్ సాబ్! ఇద్దరం ఒక్కనాడే కొన్నం. పెండ్లిల నాది ఏస్కపోయి, వాని చిన్నది నాకు అంటగట్టిండు."

అసలు గోడు ఆయన భార్య లచ్చవ్వ చెప్పింది. వెడల్పు జంపఖానాకు ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఇద్దరి చేతి దెబ్బ ఒక్క తీరుగా పడకపోతే ఒక పక్క గట్టి, ఒక పక్క వదులు. తన మొగుడూ తన తమ్ముడు ఐలయ్యా పెళ్లైన నాటి నుంచీ జోడీ. టోపీ గొడవతో మాటలు పోయాయి, సగం నేసిన జంపఖానా మగ్గం మీదే ఉంది. ఇంకో వారం చూసి నూలు వేరేవాళ్లకిస్తానని సేటు కబురు పెట్టాడట.

వంగిన కాలు, వెచ్చదనం, చెవుడు, బిగుతైన టోపీ. నాలుగూ కలిపితే నాకు అనుమానం వచ్చింది. ఎక్స్‌రే తీయించాను. తల ఎముక మందమెక్కి, దూది ఉండలు అంటించినట్టుంది. పేజెట్ వ్యాధి. ఒంట్లో పాత ఎముక కరుగుతూ కొత్తది పోసుకోవడం మామూలే. ఈ జబ్బులో ఆ పని అదుపు తప్పి, ఎముక లావెక్కుతుంది, వంగుతుంది, తలలో అయితే చెవుడూ తెస్తుంది.

రాజలింగం నమ్మితేగా! "ఈ ఈడుల తల పెరుగుతదా? నేనేమన్న పోరగాన్నా?"

ఇక లాభం లేదని మర్నాడు ఐలయ్యనూ, రెండు టోపీలనూ పిలిపించాను. ఐలయ్య బావకు వీపు చూపించి కూర్చున్నాడు. రాజలింగం తనది కాదంటున్న బిగుతు టోపీని అతని తల మీద పెట్టాను. అది కనుబొమ్మలు దాటి ముక్కు మీదికి జారింది.

"బావా, ఇది నాదైతే నాకు కండ్లు కానరావాలె గద!" అన్నాడు టోపీ లోపలి నుంచి.

వరండా గొల్లుమంది. "ఈయన తల పెద్దగైందని నేను ఎప్పటిసంది మొత్తుకుంటున్న, ఎవలిన్నరు?" అంది లచ్చవ్వ.

రాజలింగం బామ్మర్ది తల మీది టోపీ తీసుకున్నాడు. తర్వాత కర్ర పట్టుకుని లేచాడు. "నడువు ఐలయ్యా. ఎలుకలు నూలు కొడ్తయ్" అన్నాడు. అంతకు మించిన క్షమాపణ ఆయన దగ్గర లేదు. ఐలయ్యా అడగలేదు.

ఆ జబ్బుకు అప్పట్లో మందు లేదు, నొప్పికి మాత్రలిచ్చి పంపాను. గడువులోగా జంపఖానా మగ్గం దిగిందని లచ్చవ్వ వచ్చి చెప్పింది.

రోగి చెప్పే కారణం తప్పు కావచ్చు గానీ, అతనికి తెలిసిన బాధ తప్పు కాదు. టోపీ నిజంగానే బిగుతైంది. ఆ తర్వాత వంకర కాలుతో వచ్చిన ప్రతి పెద్దమనిషినీ ముందు టోపీ సంగతే అడిగేవాణ్ణి. తలకు రుమాలు చుట్టుకొచ్చినవాళ్లు మాత్రం డాక్టరుకే ఏదో అయిందనుకునేవారు.