రివర్సు షెఫ్కియా

రూదినా ఊళ్ళో లాంతరు క్లబ్బు బస్సు నడిపే మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరు షెఫ్కియా. ఊరు పెట్టిన పేరు రివర్సు. తల్లిదండ్రులు పెట్టింది ఆఫీసు కాగితాల్లో పడి ఉండేది. ఊరు పెట్టింది రొట్టెల కొట్లోనూ, మంగలి షాపులోనూ, మసీదు మెట్ల మీదా, చర్చి ఎదురుగా ఉన్న సారాకొట్లోనూ చెలామణీ అయ్యేది. పోస్టుమాన్ కూడా గేటు దగ్గర నిలబడి "రివర్సు గారూ, ఉత్తరం!" అని కేకేసేవాడు. ఆ "గారు" తగిలించడం అతని మంచితనం.

ఆ పేరెలా వచ్చిందో చెప్పాలంటే ముందు క్లబ్బు సంగతి చెప్పాలి. మా తాతల కాలంలో బొగ్గుగని కార్మికులు జీతాల కోసం సమ్మె కట్టారు. సమ్మె సాగుతోంది, పొద్దు మాత్రం పోవడం లేదు. బంతాట ఆడదామన్నారు. బంతి లేదు. జంతువు ఉచ్చతిత్తిలో గాలి ఊదితే బంతి అవుతుందని ఎవరికో తెలుసు. ఏ జంతువుదన్న దగ్గర పేచీ వచ్చింది. పందిదైతే గుండ్రంగా వస్తుందని సగంమంది, పందిదైతే కాలితో కూడా తాకమని మిగతా సగంమంది. ఆఖరికి ఎద్దుదానితో రాజీ పడ్డారు. అది కోడిగుడ్డు ఆకారంలో వచ్చింది. తన్నితే ఎటు పోతుందో తన్నినవాడికే తెలిసేది కాదు. మా ఆటతీరు ఇప్పటికీ అలాగే ఉండటానికి ఆ ఎద్దే కారణమని పెద్దవాళ్ళు అంటారు. సమ్మె ఓడిపోయింది, క్లబ్బు మిగిలింది.

గనిలోంచి తోడిపోసిన రాళ్ళగుట్టనే చదును చేసి మైదానం అన్నారు. చదును చేసినవాళ్ళకి ఓపిక సగంలో అయిపోవడం వల్ల ఒక గోలు మిట్ట మీదా, ఇంకోటి పల్లంలోనూ ఉండిపోయాయి. చొక్కాలు నల్లవి తీసుకున్నారు, ఉతికే పని తప్పుతుందని. రెండు కొండల అవతలి సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళకీ ఒక క్లబ్బుంది. వాళ్ళవి తెల్ల చొక్కాలు. కారణం అదే.

ఇక నమ్మకం ఒకటుంది. మ్యాచ్‌కి వెళ్ళే బస్సు వెనక్కి నడవకూడదు. ఇది మా ఒక్కరి పిచ్చి కాదు, ఈ చుట్టుపక్కల క్లబ్బులన్నిటికీ ఉన్న పిచ్చే. బస్సు వెనక్కి నడిస్తే జట్టూ వెనక్కి నడుస్తుంది. దేవుడు లేడని ప్రతి మీటింగులోనూ నొక్కి చెప్పే పార్టీ వాళ్ళు కూడా దీన్ని మాత్రం నమ్మేవాళ్ళు.

షెఫ్కియా మొదట్లో గని షిఫ్టు బస్సు నడిపేవాడు. ఆ బస్సు ముందుకి నడిచినా వెనక్కి నడిచినా చేరేది గనికే కాబట్టి అతనికి ఈ పట్టింపులు తెలియవు. క్లబ్బు బస్సెక్కిన ఏడాదే ఒక మ్యాచ్‌కి పోతూ దారిలో బురెక్ కొట్టు దాటాడు. పొరలు పొరలుగా పిండి చుట్టి, లోపల మాంసం కూరి, అప్పుడే పొయ్యిలోంచి తీసిన బురెక్ వాసన కిటికీలోంచి లోపలికొచ్చింది. ఆ క్షణంలో షెఫ్కియా తరఫున ఆలోచించింది అతని ముక్కు. గేరు మార్చి, నాలుగు బారలు వెనక్కి పోనిచ్చి, సరిగ్గా కొట్టు ముందు ఆపాడు. బస్సంతా బిగుసుకుపోయింది. ఆ సాయంత్రం మా వాళ్ళు ఏడు గోల్సు తిన్నారు. అందులో రెండు మా వాళ్ళే మా గోల్లో కొట్టుకున్నవి.

"బురెక్ మాత్రం బావుంది," అన్నాడు షెఫ్కియా తిరుగు దారిలో, ఎవరూ అడక్కుండానే. ఆ మాట అనకుండా ఉంటే బహుశా క్షమించి ఉండేవాళ్ళు.

ఆ తరవాత తొమ్మిదేళ్ళపాటు అతను బస్సుని ఒక్క జానెడు వెనక్కి నడపలేదు. ఏ ఊళ్ళో ఎక్కడ నిలిపితే రివర్సు గేరు ముట్టకుండా బయటపడొచ్చో అతని బుర్రలో ఉండేది. ఒకసారి దారి తప్పి ఒక రైతు పెరట్లోకి పోయాడు. వెనక్కి తీయకుండా, ఆ రైతుని బతిమాలి, కంచె ఊడదీయించి, క్యాబేజీ తోట మీదుగా అవతలి రోడ్డెక్కాడు. జట్టంతా దిగి మళ్ళీ కంచె కట్టింది. నమ్మకం అతని ఒంట్లోకి ఎంతగా ఇంకిపోయిందంటే మ్యాచ్ రోజుల్లో ఇంట్లో కూడా వెనక్కి అడుగు వేసేవాడు కాదు. స్నానాలగదిలో తువ్వాలు మరిచిపోయి బయటికొస్తే అక్కడే నిలబడి భార్యని పిలిచేవాడు.

"నాలుగడుగులు వెనక్కొచ్చి తీసుకోవచ్చుగా!" అనేది హైరా.

"అమ్మో! సున్నా రెండుతో ఓడిపోతాం!"

ఇంత చేసినా పేరు పోలేదు. ఊరు ఒకసారి పేరు పెట్టిందంటే తీసేసే అలవాటు దానికి లేదు. షెఫ్కియా మొహం చిట్లించుకుని తిరిగేవాడు గానీ లోపల నిజంగానే బాధపడేవాడు. తొమ్మిదో ఏడు ఎండాకాలంతో అతనికి పింఛను. ఈ పేరుతోనే పింఛనుకి, ఈ పేరుతోనే పాడెకి పోవాల్సిందేనా అని దిగులు.

ఆ ఏడాదే మా లాంతరు క్లబ్బూ, సిమెంటు వాళ్ళూ సరిసమానంగా పట్టికలో పైన నిలిచారు. ఒకే ఒక్క మ్యాచ్, మధ్యలో ఉన్న వెర్బోవా ఊళ్ళో. గెలిచినవాళ్ళు పై లీగుకి. మ్యాచ్‌కి రెండు రోజుల ముందు క్లబ్బు ప్రెసిడెంటు ఓస్తోయా షెఫ్కియాని కాఫీకి పిలిచాడు. ఓస్తోయా పాత గని కార్మికుడు. భూమి కింద అరిచీ అరిచీ పైకొచ్చాక కూడా గొంతు తగ్గించడం చేతకాని మనిషి.

"ఒరేయ్ రివర్సూ! బస్సుని ఒక్క అడుగు కూడా వెనక్కి తీయకుండా మమ్మల్ని చేర్చావా, మనం గెలిచామా, ఇక నిన్ను ఆ పేరుతో పిలిచినవాణ్ణి క్లబ్బులోంచి గెంటేస్తా. చౌరస్తాలో మైకు పెట్టి మరీ చెప్తా."

"మాటేనా?"

"మా అమ్మ మీద ఒట్టు."

"మీ అమ్మ పోయి ఇరవై ఏళ్ళయింది."

"అయితే మా అత్త మీద ఒట్టు."

"ఆవిడ పోతే నీకు పండగే. నీ మీద వేసుకో."

ఓస్తోయా కాసేపు గింజుకుని, "సరే, నా మీదే," అన్నాడు.

ఆదివారం పొద్దున హైరా చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది. "రొట్టెల కొట్లో నన్ను రివర్సు పెళ్ళాం అంటున్నారయ్యా. లైన్లో వెనక్కి పొమ్మంటారు, పైగా ఇకిలిస్తారు. కప్పులూ కాకరకాయలూ నాకొద్దు. నీ పేరు తెచ్చుకుని ఇంటికి రా."

షెఫ్కియా తల ఊపి, వెనక్కి చూడకుండా బయల్దేరాడు.

వెర్బోవాలో మైదానానికి పోయే సందు రెండు ఫ్యాక్టరీ గోడల మధ్య ఉంటుంది. బస్సు పడితే పిల్లి పట్టదు. గేటు సందు మధ్యలో. షెఫ్కియా పడమటి వైపు నుంచి సందులోకి దూరాడు. గేటు ఇంకా పాతిక అడుగులుందనగా ఎదురుగా తెల్ల బస్సు, ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గర్లో ఆగి ఉంది. సిమెంటు వాళ్ళ డ్రైవరు వాసో తూర్పు నుంచి వస్తూ, ఎవరితోనో కబుర్లలో పడి గేటు దాటేశాడు. ఇప్పుడు గేట్లోకి తిరగాలంటే అతను వెనక్కి పోవాలి. పోడు. వాళ్ళకీ మా పిచ్చే.

"వెనక్కి తియ్యి!" అన్నాడు షెఫ్కియా కిటికీలోంచి తల బయటపెట్టి.

"నువ్వు తియ్యి!" అన్నాడు వాసో.

"గేటు దాటొచ్చింది నువ్వు! కళ్ళు జేబులో పెట్టుకున్నావా?"

"నీకైతే అలవాటేగా! నీ పేరే అదట!"

తెల్ల బస్సులో అందరూ పగలబడి నవ్వారు. నల్ల బస్సులో కూడా ఒకరిద్దరు నవ్వి, ఓస్తోయా ఉరిమి చూస్తే దగ్గుగా మార్చుకున్నారు.

"దిగి నడవండయ్యా, నాలుగంగల్లో గేటు!" అంటూ రిఫరీ పరుగెత్తుకొచ్చాడు. బక్కపల్చటి మనిషి, మెడలో ఈలే అతనికన్నా బరువుగా కనపడుతోంది.

"ముందు వాళ్ళని దిగమనండి," అన్నారు ఇటువాళ్ళు. "ముందు దిగినవాడు ఓడినట్టే!" అన్నారు అటువాళ్ళు.

రిఫరీకి ఒళ్ళు మండింది. "వేళకి లోపల లేని జట్టు ఓడినట్టు రాస్తా. ఇద్దరూ లేకపోతే ఇద్దర్నీ రాస్తా!"

"మరి పై లీగుకి ఎవరు పోతారు?"

"మూడో స్థానంలో ఉన్న చెప్పుల ఫ్యాక్టరీ వాళ్ళు."

రెండు బస్సులూ ఒక్క గొంతుతో "చెప్పులోళ్ళా!" అన్నాయి. అరవై ఏళ్ళలో బొగ్గూ సిమెంటూ ఒక మాట మీద నిలబడటం అదే మొదటిసారి. అయినా ఎవరూ కదల్లేదు.

మా శిక్షకుడు స్తిపో జుట్టు పీక్కోవడానికి చెయ్యెత్తి, అక్కడ జుట్టు లేదని గుర్తొచ్చి టోపీ పీక్కున్నాడు. ఓస్తోయా షెఫ్కియా వైపు చూడకుండా గోడకేసి చూస్తున్నాడు. వెనక్కి తీయమని చెప్పడానికి నోరు రావడం లేదు, వద్దనడానికీ రావడం లేదు. షెఫ్కియా గేరు మీద చెయ్యేసి కూచున్నాడు. అతనికి ఏడుపొచ్చింది. తొమ్మిదేళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిపితే, సరిగ్గా ఈ రోజే, ఈ సందులోనే, ఈ వాసోగాడే దొరకాలా! చేతి గడియారం చూస్తే ముల్లు నడిచిపోతూనే ఉంది. పేరు కావాలంటే కూచోవచ్చు. కూచుంటే పై లీగుకి చెప్పులోళ్ళు పోతారు.

"అందరూ వెనక్కి తిరగండి," అన్నాడు.

"ఏంటీ?"

"సీట్ల మీద మోకాళ్ళేసి వెనకద్దం వైపు తిరగండ్రా! ఆఁ. ఇప్పుడు మీ ఎదురుగా ఏముంది?"

"రోడ్డు," అన్నాడు గోల్‌కీపరు.

"బస్సిప్పుడు ఆ రోడ్డు మీదికే పోతుంది. అంటే మీరు ముందుకి పోతున్నట్టా, వెనక్కి పోతున్నట్టా?"

బస్సులో అందరూ ఆలోచించారు. మా వాళ్ళు ఆలోచించడం అరుదు కాబట్టి కొంచెం సేపు పట్టింది.

"ముందుకే!" అని అరిచాడు స్తిపో. "ముందుకేరా!" వెంటనే మొహం ముడుచుకుంది. "మరి నువ్వో?"

"నేను తిరిగితే బస్సెవడు నడుపుతాడు? నేనొక్కణ్ణే వెనక్కి పోతా. నాకెలాగూ ఆ పేరుంది."

ఓస్తోయా బొజ్జతో కష్టపడి ముందు సీటు మీద మోకాళ్ళేసి, వెనకద్దం వైపు తిరిగి, సీటుని కావలించుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా ముట్టని గేరు ముసలి ఎలుగుబంటిలా గుర్రుమని, చివరికి పడింది. బస్సు వెనక్కి కదిలింది. లోపల జట్టంతా అద్దానికి మొహాలు ఆనించి, "ముందుకి! ముందుకి!" అని పిడికిళ్ళు ఊపుతూ అరుస్తోంది. గోడ మీదుగా బట్టలారేస్తున్న ఒకావిడ చేతిలో దుప్పటి వదిలేసి శిలువ గుర్తు వేసుకుంది. షెఫ్కియా అద్దాల్లో చూసుకుంటూ, ఏ గోడకీ గీత పడకుండా, సందులోంచి పెద్ద రోడ్డెక్కాడు.

వాసో విజయగర్వంతో హారన్ కొట్టుకుంటూ వాళ్ళ ముందునుంచే దూసుకుపోయాడు. ముందుకే పోవాలిగా, గేటు చేరాలంటే ఊరంతా చుట్టి మళ్ళీ తూర్పు నుంచి రావాలి. ఆ రోజు వెర్బోవాలో సంత. గొర్రెల మందొకటి అతని బస్సు ముందు తీరిగ్గా నడుస్తూ దారి చూపించింది. ఈలోపు షెఫ్కియా ఖాళీ సందులోంచి గేట్లోకి దర్జాగా తిప్పాడు.

సిమెంటు వాళ్ళు రిఫరీ నోట్లో ఈల పెట్టుకున్నాక దిగబడ్డారు. నీళ్ళు తాగలేదు, ఒళ్ళు వంచలేదు. ముఖ్యంగా వాళ్ళ గోల్‌కీపరు దొడ్డికి పోయి రాలేదు. ఆ ఒత్తిడితో మొదటి సగమంతా కాళ్ళు మెలేసుకుని గోలుస్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు. మా వాడు తన్నిన బంతి ఎద్దు కాలం నాటి మా పద్ధతిలోనే ఎటో పోబోయి, ఎందుకో మనసు మార్చుకుని, అతని పక్కనుంచి నెమ్మదిగా దొర్లుకుంటూ లోపలికి పోయింది. దూకితే ఏమవుతుందో అతనికి తెలుసు. దూకలేదు. ఒకటి సున్నా. ఆ ఒకటే చివరిదాకా నిలిచింది.

తిరుగు దారిలో బస్సంతా పాటలు. షెఫ్కియా మాత్రం రోడ్డు మీదే కళ్ళు పెట్టి నడుపుతున్నాడు. గెలిచినందుకు గుండె ఎగురుతోంది, హైరాకి ఏం చెప్పాలా అని మళ్ళీ దిగుతోంది. ఊరి పొలిమేరలో అన్నాడు, "ఓస్తోయా, నువ్వు మైకు పెట్టక్కర్లేదులే. బస్సు వెనక్కి నడిచింది."

"ఎవడన్నాడు? నేను వెనకద్దం వైపు చూస్తూ కూచున్నా. నా కళ్ళ ముందు అది ముందుకే పోయింది. నా మీద ఒట్టేసుకున్నాను, చావమంటావా ఏంటి?"

చౌరస్తాలో ఊరు ఊరంతా ఉంది. బాకాలు, జెండాలు, పీపాల్లో రేగుపళ్ళ సారా. షెఫ్కియా బస్సు దిగి జనంలో ఒక పక్కన నిలబడ్డాడు. ఓస్తోయా బస్సు మెట్టు మీద నిలబడి మైకు అందుకున్నాడు, అతనికి మైకు అవసరం లేకపోయినా.

"కామ్రేడ్లారా! ఇవాళ మనల్ని గెలిపించింది ఆటగాళ్ళు కాదు! షెఫ్కియా! ఇక మీదట అందరూ షెఫ్కియా అనే పిలవాలి! షెఫ్కియా!"

చౌరస్తాలో జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"షెఫ్కియా ఎవడు?" అన్నారెవరో.

"కొత్తగా తెచ్చిన సెంటర్ ఫార్వర్డేమో!"

"చెప్పులోళ్ళ దగ్గర్నుంచి లాక్కొచ్చారట!"

"ఎవడైతేనేం! షెఫ్కియాకీ జై!"

వెయ్యి గొంతులు ఒకేసారి "షెఫ్కియా! షెఫ్కియా!" అని మారుమోగాయి. తొమ్మిదేళ్ళుగా కలలో కూడా వినని మోత. అందరూ మెడలు చాచి బస్సు తలుపు వైపే చూస్తున్నారు. షెఫ్కియా చొక్కా సర్దుకున్నాడు. ఇంకొంచెం ముందుకి జరగబోయాడు.

వెనకనుంచి రొట్టెల కొట్టు ఆసామి అతని భుజం పట్టి పక్కకి నెట్టాడు. "అడ్డం లేవయ్యా రివర్సూ! షెఫ్కియాని చూడనీ!"

షెఫ్కియాకి కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగక, బస్సు మెట్టెక్కి, ఓస్తోయా చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"నేనేరా సన్నాసుల్లారా!" అని అరిచాడు కళ్ళు తుడుచుకుంటూ. "నేను! రివర్సుని!"

అప్పుడు లేచిన కేకకి చౌరస్తాలో పావురాలన్నీ లేచిపోయాయి. హైరా జనాన్ని మోచేతులతో పొడుచుకుంటూ ముందుకొచ్చి అందరికన్నా గట్టిగా అదే పేరు అరుస్తోంది.