ఎర్క లేదు సార్

గోల్‌కీపర్‌గా నా కెరీర్ గురించి ఎవరైనా అడిగితే ముందు చిరాకే వస్తుంది. "ఎన్ని గోల్స్ కొట్టినవ్?" అంటారు. కొట్టేవాణ్ని కాదు, ఆపేవాణ్ని అని చెబితే, "అంటే నిన్ను ఆడనియ్యలేదా?" అని జాలిపడతారు. దేశం తరఫున ఆడి వచ్చాక కూడా మా మేనమామది ఇదే ప్రశ్న. సరే, అదైనా భరించవచ్చు. మొదటి విదేశీ టూర్ ఎందుకు పోగొట్టుకున్నానో తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది సిరిసిల్ల. నాయన సాంచాలు నడిపేవాడు. ఆ మరమగ్గాల చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. బడి చదువు కోరుట్ల హాస్టల్లో. అక్కడ సైకిల్ దుకాణం నడిపే పెద్దమనిషి ఒకాయన సాయంత్రాలు పిల్లలకు హాకీ నేర్పేవాడు. మేం ఉస్తాద్ అనేవాళ్లం. నన్ను గోల్‌లో నిలబెట్టింది ఆయనే. రజాయిలు కుట్టే మనిషిని పట్టుకుని, దూది కూరి నాకు మొదటి ప్యాడ్లు కుట్టించింది కూడా ఆయనే. తర్వాత జగిత్యాలలో కాలేజీ, అద్దె గది. అక్కడ ఉండగానే రాష్ట్ర జట్టు, ఆపైన క్యాంపు, చివరికి భారత జట్టు.

జట్టులో చోటు దొరికింది గానీ పాస్‌పోర్ట్ లేదు. దానికి పోలీసు ఎంక్వయిరీ కావాలి. అవి నక్సలైట్ అన్నల రోజులు. మా వైపు నుంచి ఇరవై ఏళ్ల కుర్రాడంటే చాలు, పోలీసులకు అనుమానం. చదివిన చోట, గదిలో ఉన్న చోట, ఇంటి దగ్గర అన్నిచోట్లా అడుగుతామన్నారు. అడగనీ, నాకేం భయమనుకున్నాను. ఆ మూడు ఊళ్లలో నన్నెరగనివాళ్లెవరు?

మఫ్టీలో ఒకాయన కోరుట్ల వెళ్లి ఉస్తాద్‌ను అడిగాడు. ఏడేళ్లు నా కాళ్ల మీదికి బంతులు కొట్టిన మనిషి, వెనక గోడకు హాకీ స్టిక్కులు ఆనించి ఉండగా, "హాకీయా? గిక్కడ ఎవలు ఆడ్తరు సాబ్?" అన్నాడట. జగిత్యాలలో ఇంటి ఓనరు, "నేనసలు రూమ్ కిరాయికే ఇయ్య సార్" అని తలుపేసుకున్నాడు. సిరిసిల్లలో ఆ రోజు మా ఇంటికి తాళం. నాయన పనిలో ఉన్నాడు. అమ్మ నా టూర్ బాగా జరగాలని మొక్కడానికి కొండగట్టు పోయింది. గల్లీ మొత్తం ఒకటే మాట చెప్పింది: "ఎర్క లేదు సార్."

పోలీసులు ఎవరి గురించి అడిగినా తెలియదనడం అప్పట్లో మా దగ్గర మర్యాద. ఆ మర్యాద నా కొంప ముంచింది. ఈ చిరునామాలో అలాంటి మనిషే లేడని రిపోర్టు వెళ్లింది. జట్టు నా బదులు ఇంకో కీపర్‌తో విమానమెక్కింది. వచ్చే టూర్‌కు కూడా పాస్‌పోర్ట్ లేకపోతే ఇక క్యాంపుకు రావద్దని నాకు చెప్పేశారు.

ఇంటికి వచ్చి గల్లీలో నిలబడి అరిచాను. "చిన్నప్పటి నుంచి మీ ఇండ్లల్ల తిన్న గదా! నేనెవన్నో మీకు ఎర్క లేదా?" పక్కింటి అవ్వ అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమె మీదికి పోయాను.

"నువ్వన్న చెప్పద్దా అవ్వా?"

"చెప్తే ఏమైతదో నాకెర్క కొడుకా" అంది, చేతిలో ఆకు వదలకుండా. "మా పెద్దోన్ని గిట్లనే అడిగిండ్రు. ఉన్నడా అంటే, ఉన్నడు సారూ, అన్నం తింటున్నడు అని నేనే చెప్పిన. చెయ్యి గూడ కడుక్కోనియ్యలే. మాపటికి తోలిస్తమన్నరు."

సాయంత్రానికి పంపిస్తామని పోలీసులు తీసుకెళ్లిన ఆమె పెద్దకొడుకు తిరిగి రాలేదని గల్లీలో అందరికీ తెలుసు. పోలీసులకు ఆ జవాబు చెప్పింది ఆమేనని మాత్రం నాకు అప్పుడే తెలిసింది. నా కోపం పోలేదు. ఎవరి మీద చూపించాలో తెలియక ఇంకా మండింది. అయినా సిగ్గు విడిచి అడిగాను, ఈసారి వస్తే నేను తెలుసని చెప్పమని. ఆమె చాటలోంచి ఇంకో ఆకు తీసి చుట్టడం మొదలుపెట్టింది.

రెండో ఎంక్వయిరీకి వేరే మనిషి వచ్చాడు. నేను ఇంటి ముందే ఉన్నాను. గల్లీలో మళ్లీ తలుపులు పడ్డాయి. అవ్వ ఒక్కతే అరుగు దిగి వచ్చి నా పక్కన నిలబడింది.

"ఈయన తెలుసా అమ్మా?"

ఆమె నా చొక్కా అంచు పట్టుకుంది.

"ఎర్కనే సార్. పక్కింటి పిలగాడు. పుట్టినప్పటి సంది సూస్తున్న. మల్ల ఎప్పుడు తోలిస్తరు?"

"తీస్కపోతలేమమ్మా, గిది పాస్‌పోర్ట్ కోసం" అన్నాడు ఆయన, కాస్త విసుగ్గా. కాగితం చాపి సంతకం పెట్టమన్నాడు. ఆమెకు సంతకం రాదు, వేలిముద్ర వేసింది. రెండో చేత్తో నా చొక్కా పట్టుకునే ఉంది.