కింద పడ్డ నల్ల రొట్టె

మా హామిల్టన్‌లో రెస్టారెంటుకు వెళ్తే, భోజనం ముగిసేలోగా వెయిటరు రెండు మూడుసార్లయినా వచ్చి అంతా బాగుందా అని అడుగుతాడు. ఎస్టోనియాలో ఒక దీవి మీది చిన్న ఊళ్ళో మాత్రం, వడ్డించే పెద్దావిడ చేపల సూపు, నల్ల రొట్టె బల్ల మీద పెట్టి, మాటా నవ్వూ లేకుండా వెళ్ళిపోయింది.

"మనం రావడం ఈవిడకి ఇష్టం లేనట్టుంది," అన్నారు మా ఆయన, రొట్టెకు వెన్న రాస్తూ. ఆ గొణుగుడులో ముక్క జారి నేల మీద పడింది. నేను అలవాటుగా తీసి, వెన్న అంటని వైపు కళ్ళకద్దుకున్నాను.

"ఏంటే అది, అందరూ చూస్తున్నారు."

అందరి సంగతేమో గానీ, ఆవిడ చూసింది. నేరుగా మా దగ్గరికి వచ్చి ఇంగ్లిషులో అడిగింది.

"మీరు కళ్ళకు తాకిస్తారా?"

"అవును. తినేది కింద పడితే అంతే."

"మా అమ్మమ్మ పడ్డ రొట్టెకు ముద్దు పెట్టించేది. ఎవరు పడేస్తే వాళ్ళే పెట్టాలి," అంటూ మా ఆయన వైపు చూసి, మొదటిసారి నవ్వింది.

తర్వాత బుట్ట నిండా వేడి రొట్టె తెచ్చింది. భోజనం అయ్యేదాకా మా ఆయన ప్రతి ముక్కనూ రెండు చేతులతో పట్టుకుని తిన్నారు.