విశాఖలో జేజి అన్న మాట

మొన్న ఉదయం కల్లూరులో మా ఇంటి వరండాలో కూర్చుని పేపరు తిరగేస్తుంటే, మా మనవడి భార్య స్నానాల గది దగ్గర నిలబడి, "అవ్వా, నీళ్ళు కాగినాయి, నీళ్ళు పోసుకుంటావా?" అని కేకేసింది. ఆ పిల్లది విశాఖపట్నం. మా ఇంటికి వచ్చి ఏడాది కూడా కాలేదు; మా మాటలు ఒక్కొక్కటే నేర్చుకుని, మమ్మల్ని మెప్పించాలని ముచ్చటగా వాడుతూ ఉంటుంది. నేను సంతోషించాల్సింది పోయి, పేపరు దించి, ఎవరైనా విన్నారేమోనని గేటు వైపు చూశాను. బయట ఖాళీ ఆటో ఒకటి ఆగి ఉంది, అంతే. ఎనభైకి దగ్గరపడుతున్నదాన్ని, నా ఇంట్లో, నా భాషలో పిలిచిన పిలుపుకు ఎందుకలా ఉలిక్కిపడ్డానో చెప్పాలంటే మా జేజి సంగతి చెప్పాలి.

జేజి అంటే మా నాన్న తల్లి. పత్తికొండ పక్కన పల్లెలో మాకు మెట్టచేలు ఉండేవి, కర్నూలులో ఒక ఇల్లు ఉండేది. కర్నూలు రాజధాని అయిన ఆ మూడేళ్ళూ ఊళ్ళో ఎక్కడ చూసినా గుడారాలే. ఉద్యోగులకు ఇళ్ళు చాలక గొడ్ల కొట్టాలకు కూడా సున్నం కొట్టి అద్దెకిచ్చారని మా తరంవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మా ఇంట్లో రెండు గదులు తీసుకున్న ఆయనది సముద్రతీరం. ఆయన భార్యను నేను పిన్ని అనేదాన్ని. మా అత్తకు, అంటే నాన్న చెల్లెలికి, ఆమె ప్రాణస్నేహితురాలైంది. అత్తకు అప్పటికి ఇరవై ఏళ్ళు నిండలేదు. పెళ్ళయిన ఏడాదికే మొగుడు జ్వరంతో పోతే పుట్టింటికి వచ్చి, వంటింటికీ పెరటికీ మధ్యనే తిరుగుతూ, ఎవరైనా పలకరిస్తే తప్ప నోరు విప్పేది కాదు. రాజధాని హైదరాబాదుకు తరలినప్పుడు ఆ దంపతులు విశాఖకు బదిలీ చేయించుకున్నారు. వెళ్ళేముందు పిన్ని మా జేజి చేతులు పట్టుకుని, ఈ పిల్లను ఒక్కసారి మా సముద్రానికి తీసుకురండి అని మాట తీసుకుంది.

ఆ మరుసటి వేసవిలో నాన్న మమ్మల్ని బయలుదేరదీశారు. జేజి మూట నిండా జొన్నరొట్టెలు, శనక్కాయల పొడి, పోయేచోట నీళ్ళు ఎలా ఉంటాయోనని కూజాతో మా బావినీళ్ళు సర్దింది. డోనులో బండెక్కి, బెజవాడలో మారి, వాల్తేరులో దిగేసరికి ఆ కూజా మూత తీయాల్సిన అవసరమే రాలేదు. పిన్ని వాళ్ళ ఇల్లు పాత ఊళ్ళో, రేవుకు దగ్గర్లో ఉండేది. ఒకదాని పక్కన ఒకటి మూడు చిన్న కొండలు, ఒకదానిమీద గుడి, ఒకదానిమీద చర్చి, ఒకదానిమీద దర్గా. ఎదురుగా సముద్రంలోకి ముక్కు సాచిన పెద్ద కొండ. ఓడలు ఆ కొండ చాటుకు మెల్లగా జారి మాయమైపోయేవి. ఆ రేవుకు చోటు మనుషులు వెతికి పెట్టింది కాదని, కొండే అడ్డం నిలబడి గాలివానను ఆపుతుందని నాన్న చెబితే, జేజి ఆ కొండకు చేతులెత్తి దండం పెట్టింది. ఇంట్లో మాత్రం ఆమెకు ఊపిరాడలేదు. బియ్యం కడిగిన నీళ్ళు పారబోస్తున్నారని, పిల్లలు బావి దగ్గర చేదలకు చేదలు ఒంపుకుంటున్నారని గుండె బాదుకునేది.

అత్త మొదటిరోజు ఇసుకలో నిలబడి పాదాలు తడుపుకుంది, అంతే. మర్నాడు పిన్ని చెయ్యి పట్టుకుని మోకాళ్ళ లోతుకు దిగింది. ఆ తర్వాత ఒక ఉదయం పెద్ద అల వచ్చి ఇద్దరినీ కూలదోస్తే, నోట్లోకి పోయిన ఉప్పునీళ్ళు ఉమ్మేస్తూ, జడ ఊడిపోయి, అత్త పకపకా నవ్వింది. ఆ నవ్వు నేను అంతకుముందు ఎరగను. ఒడ్డున చెప్పులకు కాపలా కూర్చున్న జేజి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ ఎవరికైనా చెప్పుకోవాలని ఆమెకు ఆత్రంగా ఉన్నట్టుంది. అత్త కాళ్ళ ఇసుక కడుక్కోవడానికి బావి దగ్గరికి వెళ్ళింది, పిన్ని వంటింట్లోకి పోయింది, అరుగుమీద పొరుగింటావిడ బియ్యం ఏరుకుంటోంది. జేజి ఆమె పక్కన కూలబడి, "మా పాప నీళ్ళు పోసుకున్యాదమ్మా. శానా దినాలకు నా బిడ్డ నవ్వినాది" అంది.

ఆవిడ చేట పక్కన పెట్టి, ముఖమంతా నవ్వు చేసుకుని, "ఎన్నో నెలమ్మా? ఒట్టిమనిషి కాని పిల్లని అలల్లోకి దింపీసినారేటి?" అంది.

మావైపు నీళ్ళు పోసుకోవడమంటే ఒంటిమీద నీళ్ళు పోసుకోవడమే, స్నానం చేయడమే. ఆ వైపు ఒక ఆడది నీళ్ళు పోసుకుందంటే కడుపుతో ఉందని అర్థం. మా జేజికి అది తెలియదు కదా, ఇంకా ఉత్సాహంగా, "నెలేందమ్మా, ఈడికొచ్చిన కాన్నుంచి దినామూ పోసుకుంటాంది. మా ఊర్లో అన్ని నీళ్ళు యాడుండాయి?" అంది.

పొరుగావిడ జేజిని ఎగాదిగా చూసింది. కర్నూలులో మూడేళ్ళున్న పిన్ని లోపలినుంచి పరుగున వచ్చి సంగతి విప్పి చెప్పింది గానీ, చెబుతూ చెబుతూనే తనూ ఆపుకోలేక నవ్వేసింది. ఇద్దరూ ఒకరి భుజంమీద ఒకరు వాలి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఆ నవ్వులో విషమేమీ లేదు. కానీ బావి దగ్గర చెంబు ఎత్తిన అత్త చెయ్యి అలాగే ఆగిపోయింది. రెండో చెయ్యి దానంతట అదే బోసి మెడ మీదికి పోయింది. పొరుగావిడ అప్పుడు చూసింది ఆ మెడను. నాలుక కరుచుకుని చేట తీసుకుని లేచిపోయింది. నాకు ఆ మాటలో తప్పేమిటో తెలియలేదు, చెవులు మాత్రం సిగ్గుతో కాలిపోయాయి.

సాయంత్రానికి వీధంతా పాకింది. ఎవరెవరో వచ్చి జేజిని పలకరించి, మీ కర్నూలు మాటలు ఇంకోసారి అనండని సరదాగా అడిగారు. గడపలో నిలబడితే నాలుగిళ్ళకు వినపడే గొంతు మా జేజిది. ఆ పూట నుంచి కూరలమ్మి వస్తే వంకాయను వేలితో చూపించింది గానీ పేరెత్తలేదు. అత్త మళ్ళీ సముద్రానికి రాలేదు. పిన్ని ఏడ్చి బతిమాలితే తలనొప్పిగా ఉందంది. మిగిలిన రోజులన్నీ వెనక గదిలో గోడవైపు తిరిగి పడుకుంది, సముద్రం హోరు ఆ గదిలోకి బాగా వినపడేది. తిరుగు ప్రయాణంలో జేజి అత్త తల ఒళ్ళో పెట్టుకుని, నా నోటికి మన్ను పడ అని ఒక్కమాటే అంది.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ఆ మాట మానేశారు. జేజి కూడా పోయేదాకా "తానం చేస్తివా పాపా" అనే అడిగేది, నోరు తిరగక ఆ మాట ఆమె నోట్లో అరువు సొమ్ములా ఉండేది. నేను బళ్ళో యాసంతా దిద్దుకుని, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడుతుందని మెప్పులు పొందాను. అత్త మాతోనే ఉండి, నా పిల్లలను కూడా పెంచి, వృద్ధాప్యంలో పోయింది. రామేశ్వరమైనా పోదామంటే రానంది.

ఇప్పుడు పిల్లలు రెండు రోజులు సెలవు దొరికితే విశాఖ పోయి అలల్లో గంతులేసే ఫోటోలు పంపుతారు. ఏ ఊరి యాస ఏ ఊళ్ళో విన్నా ఎవరూ వింతపడటం లేదు. మా వీధిలో ఆ మాట అనేవాళ్ళే కరువైపోయారు, అందరికీ స్నానాలే. చివరికి దాన్ని మా గడపలోకి మళ్ళీ తెచ్చింది ఆ సముద్రం పక్కన పుట్టిన పిల్ల. దాని వాళ్ళలో ఆ మాటకు అర్థమేమిటో తెలిసి కూడా, మాది అని, ఇష్టంగా అంది. తలుపు పట్టుకుని నా జవాబు కోసం చూస్తోంది. పోసుకుంటానమ్మా అనాలనే నోరు తెరిచాను. మా అత్త చెయ్యి కళ్ళముందు కదిలింది.

స్నానం చేస్తాలే, నువ్వు పో, అన్నాను.