ఠక్కున ఆపని మేస్త్రీ

మేస్త్రీకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు: దేన్నీ ఠక్కున ఆపలేడు. ఫ్యాను ఆపాలన్నా ఐదు నుంచి నాలుగుకీ, నాలుగు నుంచి మూడుకీ దించుతూ, మెట్టు మెట్టుకీ కాసేపు మౌనం పాటించి మరీ ఆపేవాడు. తిట్లూ అంతే. "దరిద్రుడా!" అని ఎత్తుకుంటే, "సన్నాసీ", "అమాయకుడా" మీదుగా "నాయనా" దాకా దిగితే గాని నోరు మూతపడేది కాదు. తిట్లు తిన్నవాడు నమస్కారం పెట్టి వెళ్ళేవాడు.

"వెళ్ళొస్తానని ఏడింటికి మొదలెడతారు, ఎనిమిదింటికి గడప దాటుతారు" అని ఇంటావిడ ఫిర్యాదు.

లిఫ్టు బ్రేకులకి రాగితీగ కాయిళ్ళు చుట్టే ఓ షెడ్డులో మేస్త్రీ కింద పదకొండుమంది పనివాళ్ళు, పైన సూపర్‌వైజరు. ఈ సూపర్‌వైజరుకి పొదుపు పిచ్చి. ఒకరోజు ప్రతి కాయిలుకీ అతికించే డయోడు మీద కన్నుపడింది.

"ఇదెందుకయ్యా, దండగ?"

"కాయిల్లో కరెంటంటే పరుగులో ఉన్న మనిషి సార్. స్విచ్చి ఆపేసినా ఠక్కున ఆగలేదు. దారి లేకపోతే నిప్పై ఆ స్విచ్చినే కాలుస్తుంది. డయోడుంటే అందులోంచి చుట్టూ తిరిగి, అలిసిపోయి, తనే ఆగుతుంది."

"కరెంటుకి కూడా కాలక్షేపమా? పీకెయ్!"

పీకేశారు. నెల తిరక్కుండా కాయిళ్ళు కొన్నవాళ్ళ స్విచ్చులు బొగ్గులయ్యాయి. సూపర్‌వైజరు తడుముకోకుండా, తప్పంతా మేస్త్రీదేనని పైవాళ్ళకి ఉత్తరం రాశాడు. పైవాళ్ళు అంతకన్నా పొదుపరులు. వచ్చే నెలాఖరుకి షెడ్డే మూసెయ్యమన్నారు. చివరిరోజు దాకా ఎవరికీ చెప్పొద్దన్నారు.

సూపర్‌వైజరుకి నిద్ర కరువైంది. చెబితే పనివాళ్ళు తంతారు, చెప్పకపోతే చివర్న తంతారు. దానికితోడు మేస్త్రీ రోజూ మధ్యాహ్నం ఒక్కో పనివాణ్ణి వెంటేసుకుని ఎటో మాయమయ్యేవాడు. "పని ఎగవేత" అని సూపర్‌వైజరు పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. ఇద్దరు కాపలావాళ్ళని వెనకాల నిలబెట్టుకుని, షెడ్డు మూసేస్తున్నారన్న దాకా నోటీసు చదివి ఠక్కున ఆపేశాడు. పదకొండుమందీ చేతులు కడుక్కుని, టిఫిను డబ్బాలు తీసుకుని, బయల్దేరారు.

"ఏమయ్యా, ఒక్కడూ అరవడేం?" దాదాపు నొచ్చుకున్నట్టు అడిగాడు.

"రేపట్నుంచి తలో షాపులో చేరుతున్నాం సార్. మేస్త్రీ ఒక్కొక్కర్నీ తీసుకెళ్ళి మాట్లాడిపెట్టాడు."

సూపర్‌వైజరు మేస్త్రీ వైపు తిరిగాడు. "నీకెవరు చెప్పారు?"

"రాగితీగ రాలేదు కద సార్. వచ్చే నెలకి తీగ తెప్పించని షెడ్డుకి వచ్చే నెల ఉండదు."

అప్పుడు నోటీసు చివరి వాక్యం కంటబడింది. సూపర్‌వైజరు ఉద్యోగం కూడా నేటితో సమాప్తం. స్టూలు మీద కూలబడ్డాడు.

"మోటారు పంపుల షాపులో నాతోపాటు మీక్కూడా ఉద్యోగం మాట్లాడాను" అన్నాడు మేస్త్రీ. "మీకు పని రాదన్న సంగతి దాచలేదు. నేను నేర్పుతానని పూచీ పడ్డాను."

"ఆ ఉత్తరం... నీ మీద రాసింది..."

"చదివాను సార్. టైపు చేసినాయన నాకు తోడల్లుడే."

సూపర్‌వైజరు స్టూలు మీంచి లేచాడు.

"రేపు ఎన్నింటికి రావాలి?"

"ఎనిమిదికి. పాత చొక్కా వేసుకు రండి. గ్రీజు పోదు."