మా నాయన మున్నీరు

“మున్నీరంటే ఏందమ్మా?” పాఠంలో పద్యం చదువుతూ నిన్న మా అమ్మాయి అడిగింది. ఎండలో ఆరేసిన వలల వాసన వచ్చినట్టయింది నాకు. వలలు అల్లుకుంటూ పద్యాలు కట్టే మా నాయనకు సముద్రమంటే మున్నీరే.

గుర్తుందా నేస్తం, చిన్నప్పుడు మన పల్లెలో సముద్రం నీళ్లలో కాలు పెట్టేముందు మనమంతా ఆ నీళ్లు కళ్లకద్దుకునేవాళ్లం? తుపానుకు మా పడవ విరిగిన ఏడు నేను మాత్రం అద్దుకోనని మొండికేశాను.

“మున్ను అంటే ముందు. మనం పుట్టకముందు నుంచీ ఉండే నీరమ్మా ఇది. కోపమొచ్చిందని పెద్దోళ్లకి దండం పెట్టకుండా ఉంటామా?” అన్నాడు నాయన, విరిగిన చెక్కలు ఏరుకుంటూ.

అదంతా చెప్పి, ఈ పొద్దున అమ్మాయిని మైపాడు తీరానికి తీసుకెళ్లాను. అల వచ్చి పాదాలు తాకింది. అమ్మాయి వంగి, నీళ్లు కళ్లకద్దుకుని, “బాగుండావా అవ్వా?” అని సముద్రాన్ని పలకరించింది.